విత్తనానికి సాక్షి ఎవరు?

(పుష్ప మిత్ర భార్గవ స్మృతిలో మియాపూర్‌లో చేసిన ఉపన్యాసం)



భార్గవ గారి పేరు చెప్పగానే మనకు ముందు గుర్తొచ్చేది కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సీసీఎంబీ. 1928లో అజ్మీర్‌లో పుట్టి, 1950లో హైదరాబాద్ చేరి, జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిపిన ఆయన 1977లో ఆ సంస్థకు ప్రాణం పోశారు. 1990 దాకా దాన్ని నడిపారు. శాస్త్రీయ దృక్పథం గురించి ఇంత పట్టుదలగా, ఇంతమందిని నొప్పిస్తూ మాట్లాడిన శాస్త్రవేత్త మన దేశంలో అరుదు. 2008లో సుప్రీంకోర్టు ఆయనను జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే జీఈఏసీలో తన తరఫు పరిశీలకుడిగా నియమించింది. 2017 ఆగస్టు 1న ఈ నగరంలోనే కన్నుమూసేదాకా ఆయన ఒక్క విషయం వదల్లేదు: పరీక్ష ఎవరు చేశారు? ఎవరి డబ్బుతో చేశారు? ఆ కాగితాలు ఎక్కడ?

నేటి నా ప్రసంగం ఆ మూడు ప్రశ్నలను విత్తనానికి వర్తింపజేయడమే.

ఈ మాట మాట్లాడటానికి మియాపూర్ తగిన చోటు. ఇక్కడి నుంచి ముంబై రహదారి మీద పడమరగా కాసేపు వెళితే పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వస్తుంది. 1972లో మొదలైన ఆ సంస్థ జన్యు నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు 1,20,000కు పైగా భద్రంగా ఉన్నాయి. ఇక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే హబ్సిగూడలో సీసీఎంబీ దగ్గర దిగవచ్చు. రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ ఉంది. మన పక్కనే హైటెక్ సిటీలో 2019 జూన్ 26 నుంచి జూలై 3 వరకు అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం, అంటే ఇస్టా, తన 32వ మహాసభ జరుపుకుంది. ఆ తర్వాత 2022లో తెలంగాణ విత్తన ధ్రువీకరణ సంస్థను నడిపిన డాక్టర్ కె. కేశవులు ఇస్టాకు అధ్యక్షులయ్యారు. విత్తనాన్ని తయారు చేయడంలోనూ, పరీక్షించడంలోనూ ఇంత సత్తా ఒక్కచోట పోగైన నగరాలు ప్రపంచంలో ఎక్కువ లేవు.

అయినా ప్రతి వానాకాలం నకిలీ విత్తనాల వార్త రాకుండా గడవదు. శాస్త్రం ఇంత దగ్గరలో ఉన్నా ఇలా ఎందుకు జరుగుతోంది? నేను చెప్పదలచింది ఒక్కటే. కొత్త విత్తనాన్ని కనిపెట్టడం సగం పని. అది చెప్పినట్టే ఉందో లేదో, అమ్మేవాడితో సంబంధం లేని వ్యక్తి, విత్తకముందే, కొనేవాడికి చెప్పగలగడం మిగతా సగం. మొదటి సగంలో మనం చాలా దూరం వచ్చాం. రెండో సగానికి కావలసిన శాస్త్రం కూడా ఇక్కడే పుట్టింది. కానీ దాన్ని రైతు చేతికి అందించే ఏర్పాటు చేసుకోలేదు.

1. కంటికి తెలియని సరుకు

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటారు మనవాళ్లు. మొలుస్తోందనే కదా రైతు గోడు! బియ్యం కొనేటప్పుడు గుప్పిట్లో పోసుకుని చూస్తాం, వంకాయ కొనేటప్పుడు పుచ్చు చూస్తాం. విత్తనంలో మాత్రం మనం డబ్బిచ్చేది గింజలో దాగిన గుణానికి. అది మొలిచి, పెరిగి, పూసి, కాసే దాకా బయటపడదు. బయటపడేసరికి కార్తె దాటిపోతుంది.

ఈ ఇబ్బంది మనకొక్కరికే వచ్చింది కాదు. 1869లో జర్మనీలోని థారంట్‌లో ఫ్రెడరిక్ నోబె ప్రపంచంలో మొదటి విత్తన పరీక్షా కేంద్రాన్ని తెరవడానికి కారణం, అక్కడి అంగళ్లలో మట్టీ, కలుపు గింజలూ, చచ్చిన గింజలూ కలిపి అమ్మడమే. ఒక దేశంలో మంచిదని తేలిన విత్తనం ఇంకో దేశంలోనూ అలాగే తేలాలంటే పరీక్ష పద్ధతి ఒకటే కావాలి. అందుకోసం 1924లో ఇస్టా ఏర్పడింది. మన దేశం 1966లో విత్తన చట్టం చేసుకుంది. అది అమల్లోకి వచ్చింది 1969లో.

ల్యాబులో జరిగే పని చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. సంచుల నుంచి పద్ధతి ప్రకారం నమూనా తీస్తారు. తేమ చూస్తారు. గింజ, కలుపు గింజ, మట్టీ పొల్లూ వేరు చేసి తూచి భౌతిక స్వచ్ఛత కడతారు. ఆపైన మొలక పరీక్ష. 400 గింజలను నూరేసి చొప్పున నాలుగు భాగాలు చేసి, తడి కాగితాల మధ్య పెట్టి, నియమిత వేడిలో ఉంచుతారు. వరి అయితే ఐదో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఆఖరుసారి లెక్క చూస్తారు. తెల్లగా మొలక కనిపిస్తే చాలదు. వేరు, కాండం సరిగా ఉండి మొక్కయ్యే లక్షణం ఉన్నదే లెక్కలోకి వస్తుంది. మన ప్రమాణాల్లో కనీస మొలక శాతం వరికి 80, వేరుశనగకు 70, పత్తికి 65, హైబ్రిడ్ మొక్కజొన్నకు 90.

పద్నాలుగు రోజులు ఆగలేనివాళ్ల కోసం జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ లాకన్ 1940ల్లో ఓ ఉపాయం తెచ్చాడు. టెట్రాజోలియం అనే రంగులేని ఉప్పు ద్రావణంలో కోసిన గింజను ఉంచితే, బతికి ఉన్న కణాలు ఊపిరి తీస్తూ దాన్ని ఎర్రగా మారుస్తాయి. చచ్చిన భాగం తెల్లగానే ఉండిపోతుంది. గింజ బతికుందో లేదో ఒక్క రోజులో తేలిపోతుంది. ఇందులో పెద్ద యంత్రమేమీ లేదు. గింజను ఎలా అడగాలో తెలియడమే ఆ ఆవిష్కరణ.

మొలక పరీక్ష రైతు ఇంట్లోనూ చేసుకోగలిగినదే. నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి, తడి ఆరకుండా చూసుకుంటే చాలు. మొలక గురించి మోసపోకుండా ఉండే దారి పాతకాలం నుంచీ మన చేతిలోనే ఉంది. అసలు చిక్కు ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది: మొలిచింది సరే, ఇది వాళ్లు చెప్పిన రకమేనా?

2. తల్లిదండ్రుల ఆరా

నడిగడ్డలో, అంటే గద్వాల ప్రాంతంలో, పత్తి విత్తనం ఎలా తయారవుతుందో ఈ సభలో చాలామందికి తెలుసు. తెలియనివారి కోసం చెబుతాను. ఆడ మొక్కల మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందు రోజు సాయంత్రమే గుర్తించి, రేకులూ మగ భాగాలూ ఒలిచేస్తారు. మర్నాడు పొద్దున్నే మగ వరుసల్లోంచి పూలు కోసుకొచ్చి ఒక్కొక్క ఆడ పువ్వుకూ పుప్పొడి అద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. 1970లో గుజరాత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తిని తెచ్చినప్పటి నుంచీ దేశంలో హైబ్రిడ్ పత్తి విత్తనం చాలావరకు ఇలా వేళ్లతో తయారైనదే. ఈ పనిలో ఎక్కువమంది మహిళలు. ఒకప్పుడు బడి ఈడు పిల్లల చేత కూడా చేయించారు, దాన్ని ఆపడానికి పెద్ద పోరాటమే జరిగింది. ఒలవకుండా వదిలేసిన మొగ్గ తనకు తానే ఫలదీకరణ చెందితే ఆ కాయలోని గింజలు హైబ్రిడ్ కావు, తల్లి రకమే. చూడ్డానికి మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి.

అందుకే జన్యు స్వచ్ఛత పరీక్ష. హైబ్రిడ్ పత్తికి 90 శాతం, హైబ్రిడ్ వరికి 95 శాతం ఉండాలి. పాత పద్ధతిలో అయితే లాటులోంచి తీసిన నమూనాను పొలంలో పెంచి, పూత దాకా చూసి, కేళీలను, అంటే ఆ రకానికి చెందని మొక్కలను, లెక్కపెట్టాలి. విత్తన రంగంలో దీన్ని జీఓటీ అంటారు. పంట కాలంలో చాలా భాగం దీనికే పోతుంది. యాసంగిలో కరీంనగర్, వరంగల్ వైపు పండిన హైబ్రిడ్ వరి విత్తనం ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తుంది. జూన్‌లో అమ్మకానికి కావాలి. మధ్యలో పంటను పెంచి చూసే వ్యవధి ఎక్కడిది? పరీక్ష పూర్తికాకుండా అమ్మాలి, లేదా ఏడాది గోదాములో పెట్టి సొమ్ము ఇరికించుకోవాలి. నూటికి ఒక వంతు కల్తీ ఉంటే హెక్టారుకు 100 కిలోల దాకా దిగుబడి తగ్గుతుందని హైబ్రిడ్ వరి శాస్త్రవేత్తల అంచనా.

ఈ ముడిని విప్పిన పనుల్లో ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. సీసీఎంబీలో లాల్జీ సింగ్ మనుషుల తల్లిదండ్రుల తగాదాలు తేల్చడానికి డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని దేశంలో నిలబెట్టారు. గింజకూ తల్లీ తండ్రీ ఉంటారు కాబట్టి అదే ఆలోచన ఇక్కడా పనికొస్తుంది. సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు కలిసి హైబ్రిడ్ వరి స్వచ్ఛతను డీఎన్‌ఏ గుర్తులతో తేల్చే పద్ధతిని 2002లో క్రాప్ సైన్స్ పత్రికలో ప్రచురించారు. హైబ్రిడ్ గింజలో ఒక గుర్తు తల్లి నుంచి, ఇంకొకటి తండ్రి నుంచి వచ్చి రెండూ కనపడాలి. ఒకటే కనిపిస్తే అది హైబ్రిడ్ కాదు. నారు దశలో చిన్న ఆకు ముక్క చాలు, పూత దాకా ఆగనక్కర్లేదు.

ఆ పరిశోధనలో నాకు ముచ్చట గొలిపేది ఖర్చు తగ్గించిన తీరు. హైబ్రిడ్‌కు తల్లి అయిన మగవంధ్య రకం విత్తనంలోనే కల్తీ ఉంటే ఆ తర్వాత చేసే పనంతా చెడుతుంది. దాన్ని తనిఖీ చేయడానికి 400 మొక్కలకు 400 పరీక్షలు చేయాలంటే ఎవరికైనా తలకు మించిన పనే. అందుకని మొక్కలను 20 అడ్డ వరుసలు, 20 నిలువు వరుసలుగా పెంచారు. ఒక్కో వరుసలోని ఆకులన్నీ కలిపి ఒక్కో పరీక్ష చేశారు. 400కు బదులు 40 పరీక్షలు. ఏ అడ్డ వరుసలో, ఏ నిలువు వరుసలో కల్తీ తేలిందో ఆ రెండూ కలిసే చోట ఉన్న మొక్కే దొంగ. ఈ సభలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎక్కువ. ఈ లెక్క మీకు వెంటనే నచ్చుతుందని నాకు తెలుసు.

సరే, పరీక్ష చౌకైంది, త్వరగా ముగుస్తుంది. అది ఎవరి చేతిలో ఉందన్నది తర్వాతి ప్రశ్న. నడిగడ్డలో విత్తనం పండించిన రైతు, లాటును కంపెనీకి అప్పజెప్పాక ఫలితం కోసం ఎదురుచూస్తాడు. జీఓటీ ఫెయిలయిందని కంపెనీ తరఫు ఆర్గనైజరు వచ్చి చెబితే డబ్బు రాదు. పరీక్ష ఎక్కడ చేశారు, ఎన్ని మొక్కలు చూశారు, ఇంకోసారి చూడవచ్చా అని అడిగే దారి అతనికి లేదు. అదే విత్తనం కొన్న ఆదిలాబాద్ రైతుకూ పరీక్ష కాగితం కనిపించదు. గొలుసుకు ఈ చివర ఉన్న రైతు దగ్గరా, ఆ చివర ఉన్న రైతు దగ్గరా సాక్ష్యం లేదు. ఉన్నదంతా మధ్యలోనే.

3. పరీక్షే కళ్లయిన వేళ

పరీక్ష అంటే చివరన వేసే ముద్ర అని చాలామంది అనుకుంటారు. మన సాంబ మసూరి కథ అందుకు భిన్నమైన విషయం చెబుతుంది.

బాపట్ల పరిశోధన కేంద్రంలో డాక్టర్ ఎం.వి. రెడ్డి రూపొందించగా 1986లో విడుదలైన బీపీటీ 5204 మన విస్తరిలో స్థిరపడిపోయింది. సన్న గింజ, రుచి, వండితే పొడిపొడిగా విడే అన్నం. దాని బలహీనత బ్యాక్టీరియా ఎండాకు తెగులు. ఈ తెగులుకు గట్టిగా పనిచేసే మందు లేదు, విత్తనంలోనే శక్తి ఉండాలి. తెగులును తట్టుకునే జన్యువులు వేరే రకాల్లో ఉన్నాయి. వాటిలో ఎక్స్‌ఏ 21 అనేది ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరి నుంచి వచ్చింది. కానీ అవతలి రకంతో సంకరం చేస్తే తెగులును తట్టుకునే శక్తితోపాటు లావు గింజ, వేరే రుచి కూడా వెంటబడి వస్తాయి. మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేస్తూ, ప్రతి తరంలోనూ మనకు కావలసిన జన్యువున్న మొక్కను మాత్రమే ఏరుకోవాలి.

ఇక్కడే కంటి చూపు ఓడిపోతుంది. ఒక జన్యువు మొక్కను కాపాడితే మిగతావి ఉన్నాయో లేవో తెగులు పెట్టి చూసినా తెలియదు. ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 అన్నవి అంతర్గత జన్యువులు. రెండు ప్రతులూ ఉంటే తప్ప ప్రభావం చూపవు. సంకరం చేసిన ప్రతిసారీ అవి దాక్కుంటాయి. సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం, రాజేంద్రనగర్ వరి శాస్త్రవేత్తలు కలిసి డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఆ మూడింటినీ సాంబ మసూరిలోకి తెచ్చారు. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అలా వచ్చింది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. సంకరం పాతదే, ఏరుకునే చూపు కొత్తది. పటాన్‌చెరు శాస్త్రవేత్తలు హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి వెర్రి కంకి తెగులును తట్టుకునే సజ్జ హైబ్రిడ్‌ను 2005లో తెచ్చింది కూడా ఇదే దారిలో.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఇవి రెండూ ప్రజా సంస్థల్లో, ప్రచురించిన పద్ధతులతో జరిగాయి. ఏ గుర్తు వాడారో కాగితంలో ఉంది. ఇది నిజంగా ఆ రకమేనా అని ఎవరైనా పరీక్షించుకోవచ్చు. ఆవిష్కరణతోపాటే దానికి సాక్ష్యమూ బయటికొచ్చింది.

4. బీటీ నేర్పిన పాఠం

పత్తిలో అలా జరగలేదు. 2002 మార్చి 26న బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలోని బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు మొక్కలో ఒక ప్రోటీన్ తయారు చేస్తుంది, దాన్ని తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. కొత్త సరుకుతో కొత్త మోసం కూడా వచ్చింది. ప్యాకెట్టు మీద బీటీ, లోపల మామూలు గింజ. దీనికి నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ జవాబు కనిపెట్టింది. కేశవ్ క్రాంతి బృందం తయారు చేసిన కిట్లతో ఆకు ముక్కనో గింజనో నలిపి అందులో బీటీ ప్రోటీన్ ఉందో లేదో తేల్చవచ్చు. పరీక్షను ల్యాబు నుంచి పొలం గట్టుకు తెచ్చిన ఆవిష్కరణ అది.

ధర దగ్గర తగాదా తెలుగు నేల మీదే మొదలైంది. బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటినప్పుడు, అందులో పెద్ద వాటా టెక్నాలజీ రుసుమేనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ధర 750కి దిగింది. 2007లో రాష్ట్రం పత్తి విత్తనాల ధరల మీద చట్టమే చేసింది.

తర్వాతి అంకం బీటీ జన్యువు మీద మోన్‌శాంటో తీసుకున్న పేటెంటు. మోన్‌శాంటోకూ హైదరాబాద్ కంపెనీ నూజివీడు సీడ్స్‌కూ మధ్య వ్యాజ్యంలో, ఆ పేటెంటు చెల్లదని ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2018 ఏప్రిల్‌లో చెప్పింది. మొక్కలకూ విత్తనాలకూ పేటెంటు ఇవ్వరాదన్న మన చట్టంలోని 3(జె) నిబంధన దానికి ఆధారం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. ఇంత చిక్కు విషయాన్ని నిపుణుల సాక్ష్యం వినకుండా తేల్చకూడదని, విచారణ జరపమని వెనక్కి పంపింది. 2021లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. విచారణ తీర్పు దాకా రాలేదు. ప్రయోగశాలలో కట్టిన జన్యువు, పొలంలో గింజగా మారాక ఎవరి ఆస్తి అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఈలోగా పొలాల్లోకి ఇంకోటి వచ్చింది. కలుపు మందును తట్టుకునే పత్తి. దానికి అనుమతి లేదు, బిల్లు లేదు, లేబుల్ లేదు. విడిగా సంచుల్లో, చీకట్లో చేతులు మారుతుంది. కూలీ ఖర్చు భరించలేక రైతు కోరి కొంటున్నాడు. పంట పోతే ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? కొన్నట్టు రుజువే లేదు. తెలంగాణ ప్రభుత్వం నకిలీ విత్తనాల వ్యాపారుల మీద ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం ప్రయోగించే దాకా వెళ్లింది. పోలీసుతో దొంగను పట్టుకోవచ్చు. సంచిలో ఏముందో తెలియాలంటే మళ్లీ ల్యాబుకే పోవాలి.

5. భార్గవ అడిగినది

2009 అక్టోబరులో బీటీ వంకాయకు జీఈఏసీ పచ్చజెండా ఊపినప్పుడు భార్గవ గారు వ్యతిరేకించారు. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఊరూరా ప్రజల మాట వింటూ హైదరాబాద్‌కూ వచ్చారు. 2010 ఫిబ్రవరి 9న మారటోరియం ప్రకటించారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న విషయంలో ఈ గదిలోనే రెండు పక్షాలుంటాయి. నా ఉద్దేశం ఆ పంచాయితీ తిరగదోడటం కాదు.

భార్గవ గారిని జన్యుశాస్త్రానికి విరోధి అని ముద్ర వేసినవాళ్లున్నారు. అణు జీవశాస్త్రానికి దేశంలోనే పెద్ద సంస్థను కట్టిన మనిషి దానికి విరోధి ఎలా అవుతాడు? ఆయన వాదన వేరు. అమ్ముకునే సంస్థ తానే చేసిన, తానే చేయించిన పరీక్షల ఆధారంగా అనుమతి ఇవ్వకండి. ఎవరి ప్రయోజనాలకూ కట్టుబడని ప్రయోగశాల ఒకటి పెట్టండి. ఫలితాలు అందరికీ చూపండి. ఆయన అడిగిన పరీక్షల జాబితా అతిగా ఉందని అన్నవాళ్లలో పెద్ద శాస్త్రవేత్తలున్నారు. ఆ జాబితా మీద వాదించుకోవచ్చు. స్వతంత్ర పరీక్ష అన్న మూల సూత్రం మీద మాత్రం, జన్యుమార్పిడి పంటలను సమర్థించేవారు కూడా ఆయనతో ఏకీభవించాలి. ఎందుకంటే నమ్మకం లేని చోట మంచి విత్తనం కూడా అనుమానంలో చిక్కుకుంటుంది.

ఆ సూత్రానికి ఇప్పుడు కొత్త అగ్నిపరీక్ష వచ్చింది. క్రిస్పర్ అనే జన్యు కత్తెరను 2012లో ప్రపంచానికి చూపిన జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయేల్ షార్పాంటియేలకు 2020లో నోబెల్ వచ్చింది. 2022 మార్చిలో మన ప్రభుత్వం, పరాయి జన్యువు మిగలని ఎడిటింగ్ పంటలను జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. 2025 మే 4న రెండు ఎడిటెడ్ వరి రకాలను ప్రకటించారు. రెండింటి మూలాలూ మనవే. మారుటేరు రకం ఎంటీయూ 1010 ఆధారంగా ఢిల్లీలో చేసినది పూసా డీఎస్‌టీ రైస్ 1. సాంబ మసూరి ఆధారంగా రాజేంద్రనగర్‌లో చేసినది డీఆర్‌ఆర్ ధాన్ 100, పేరు కమల. కంకిలో గింజల సంఖ్యను అదుపు చేసే ఒక జన్యువును కత్తిరించడంతో కమలకు గింజలు పెరుగుతాయి. దిగుబడి 19 శాతం ఎక్కువని, సుమారు 20 రోజులు ముందుగా కోతకొస్తుందని రూపకర్తలు చెప్పారు. ఈ లెక్కల మీద అప్పుడే విమర్శలూ వచ్చాయి. పొలం ప్రయోగాల వివరాలన్నీ బయట పెట్టడం ఒక్కటే ఆ విమర్శకు గౌరవప్రదమైన జవాబు.

విత్తన పరీక్షకులకు ఇందులో ఇంకో చిక్కుంది. బీటీ గింజలో పరాయి ప్రోటీన్ ఉంటుంది కాబట్టి కిట్టు పట్టేస్తుంది. కమలలో పరాయిది ఏదీ లేదు. సొంత డీఎన్‌ఏలోనే చిన్న కోత. సాంబ మసూరి సంచిని కమల అని అమ్మినా, కమలను సాంబ మసూరి అని అమ్మినా కిట్టుకు తెలియదు. ఆ కోత సరిగ్గా ఎక్కడుందో తెలిసినవాళ్లే డీఎన్‌ఏ చదివి చెప్పగలరు. ఆ చిరునామా ప్రతి విత్తన ల్యాబులో ఉండాలి. రకం విడుదలైన రోజే పరీక్ష పద్ధతి కూడా విడుదల కావాలి.

6. చట్టమూ రైతూ

1966 చట్టం మంచి ఉద్దేశంతో చేసిందే. ఇన్‌స్పెక్టర్ నమూనా తీస్తే మూడు భాగాలు చేయాలి. ఒకటి అమ్మేవాడికి, ఒకటి ల్యాబుకు, ఒకటి భద్రంగా దాచడానికి. కొనేవాడికి అందులో భాగం లేదు. ల్యాబు నివేదికకు గడువు వారాల లెక్కలో ఉంటుంది. మృగశిరలో విత్తిన రైతుకు వారాల తర్వాత వచ్చే నివేదిక ఎందుకు? అది శిక్ష వేయడానికి పనికొస్తుంది, పంటను కాపాడటానికి కాదు. శిక్షైనా ఎంత? ఆ చట్టంలో రాసుకున్నది మొదటి తప్పుకు 500 రూపాయల దాకా జరిమానా. 2004 నుంచి కొత్త బిల్లులు వస్తూ పోతూ ఉన్నాయి. 2025లో పెద్ద జరిమానాలతో మరో ముసాయిదా ప్రజల ముందుకొచ్చింది. జరిమానా పెరగాలి, కాదనను. అయితే ముందు నేరం తేలాలి కదా.

ఈ విషయంలో మన రైతులు దేశానికి ఒక మేలు చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. రైతు వినియోగదారుడే కాదని, విత్తన నమూనా ల్యాబుకు పంపి పరీక్ష చేయించకుండా పరిహారం ఇవ్వకూడదని సంస్థ వాదించింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2012 జనవరిలో కోర్టు రైతుల పక్షాన నిలిచింది. కొన్న విత్తనమంతా పొలంలో చల్లేసే రైతు, రేపు వ్యాజ్యం వస్తుందని కొంచెం దాచి ఉంచాలని ఆశించలేమని చెప్పింది. లాటు నమూనాలు సంస్థ దగ్గరే ఉంటాయి, కావాలంటే అదే పరీక్షకు పంపుకోవచ్చని తేల్చింది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా, చెప్పిన దిగుబడి రాకపోతే పరిహారం అడిగే దారి చూపింది. సాక్ష్యం చూపే బరువు సరుకు తయారు చేసినవాడిదే. ఆ తీర్పు సారం నాకు అర్థమైనంతలో అదే.

7. చేయగల పనులు

చివరగా, చేతనైన పనులు చెబుతాను. వీటిలో ఏదీ కొత్త శాస్త్రం కోరదు.

మొదటిది, ప్రతి లాటు పరీక్షా ఫలితం విత్తకముందే రైతు ఫోనులో కనిపించాలి. 2023 ఏప్రిల్‌లో కేంద్రం సాథీ పేరుతో విత్తన సంచుల జాడ తెలిపే పోర్టల్ తెచ్చింది, సంచి మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. మంచి మొదలు. ఆ కోడ్ సంచి ఎక్కడినుంచి వచ్చిందో చెబితే చాలదు. మొలక శాతం ఎంత, జన్యు స్వచ్ఛత ఎంత, ఏ ల్యాబు, ఏ తేదీన, ఏ పద్ధతిలో చూసిందో కూడా చెప్పాలి.

రెండోది, అమ్మకానికి వచ్చే ప్రతి రకానికీ డీఎన్‌ఏ గుర్తుల పట్టిక ప్రభుత్వ ల్యాబుల దగ్గర ఉండాలి. తల్లిదండ్రుల రకాలు కంపెనీల రహస్యం అంటారు. గింజలను రహస్యంగా ఉంచుకోనివ్వండి, పోల్చి చూసే గుర్తులు ఇవ్వమనండి. పోల్చడానికి అసలు లేకపోతే నకిలీని ఎలా పట్టుకుంటాం?

మూడోది, నాలుగో నమూనా. మూడు భాగాలు చేసే చోట ఇంకొకటి తీసి, రైతు ఉత్పత్తిదారుల సంఘం కోరితే దానికి దక్కేలా చేయాలి. నడిగడ్డలో విత్తనం పండించే రైతుకూ అదే హక్కు ఉండాలి. జీఓటీ ఫెయిల్ అన్న మాటకు రెండో అభిప్రాయం అడిగే దారి ఒప్పందంలోనే ఉండాలి.

నాలుగోది, దగ్గర్లో ల్యాబు. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి నియోజకవర్గ స్థాయిలో అగ్రి టెస్టింగ్ ల్యాబులు తెరిచింది. ఆలోచన సరైనది. భవనం కట్టడం తేలిక, పరీక్షకుణ్ని తయారు చేయడం కష్టం. మామూలు మొలకనూ వికృత మొలకనూ వేరు చేయడానికి ఏళ్ల అనుభవం కావాలి. వ్యవసాయ డిగ్రీలో విత్తన పరీక్షను చేయి తిరిగే దాకా నేర్పాలి. వాళ్లకు మంచి జీతం ఇవ్వాలి.

ఐదోది, ఎడిటెడ్ రకాల సంగతి. కోత చిరునామా, దాన్ని గుర్తించే పరీక్ష, పొలం ప్రయోగాల అంకెలు అన్నీ, రకం విడుదలైన నాడే బహిరంగం కావాలి. ప్రజల డబ్బుతో చేసిన రకాలు దీనికి దారి చూపితే ప్రైవేటు రకాలను కూడా అడిగే నైతిక బలం వస్తుంది.

విత్తనానికి సాక్షి ఎవరు అని మొదట అడిగాను. అమ్మేవాడి ప్రకటన సాక్షి కాదు, పంట పోయాక పొలంలో తిరిగే కమిటీ కూడా సాక్షి కాదు. మొదటి సాలు తీయకముందే, అటూ ఇటూ చుట్టరికం లేకుండా నిలబడి చెప్పే ల్యాబే సాక్షి. ఆ సాక్షికి కావలసిన కళ్లు హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఇప్పటికే ఇచ్చారు. నోరు ఇవ్వవలసింది చట్టం. ఆ మాటను పల్లెటూరి ఫోను దాకా మోసుకెళ్లే పని ఈ సభలో కూర్చున్న మీ చేతుల్లో ఉంది. లాటు నంబరు కొడితే నివేదిక తెరుచుకునే ఏర్పాటు మీకు వారాల పని. ఏరువాకకు ముందు ఒక్క జిల్లాలో, ఒక్క పంటలో మొదలుపెట్టండి. ఫలితాలు కంపెనీకి నచ్చినా నచ్చకపోయినా దాచకుండా పెట్టండి. భార్గవ గారు అడుగుతూ వచ్చిందీ అదే.